బొట్టు పెట్టిన బేరింగు

ఆవిడ పోయిందన్న కబురు మా ఆవిడ చెప్పింది. అప్పుడు నేను స్నానాలగది తలుపు కిర్రుమంటోందని బందులకు కొబ్బరినూనె పెడుతున్నాను. అరకులో మీతో పనిచేసిన మేడంగారు పోయారట, ఫోనొచ్చింది అని చెప్పి, వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఆవిడ ఆవిణ్ణి చూసింది ఒకే ఒక్క పూట. నేనేమో ఆ చలిలో, ఆ కొండల్లో నెలల తరబడి పక్కపక్కన నిలబడి పనిచేసినవాణ్ణి. అయినా ముందు ఏడ్చింది మా ఆవిడే. మేడం సంగతి ఎప్పుడూ ఇంతే, మనకు దక్కాల్సిన వరస కూడా మనకు దక్కనివ్వదు.

నూనెగిన్నె కింద పెట్టాను. బాధ కలిగింది, కాదనను. కానీ ఆ బాధ వెనకాలే ఇంకో ఆలోచన కూడా వచ్చి కూర్చుంది. ఇక ఆ వంతెన నాదేనని. ఛీ, ఏం బుద్ధిరా ఇది అనుకున్నాను. అనుకున్నా అది లేచి వెళ్లలేదు.

ఆ వంతెన సంగతి చెప్పాలి. అరకు నుంచి పాడేరు వైపు పోయే దారిలో లోపలికి చీలే ఒక రోడ్డు మీద, గెడ్డకు, అంటే కొండవాగుకు, అడ్డంగా ఉంటుంది. బస్సులో కునుకు తీశారంటే దాటినట్టు కూడా మీకు తెలీదు, అంతే దాని పొడవు. కానీ పునాది దగ్గర్నుంచి రెయిలింగు రంగు దాకా నా చేతి మీదుగా లేచిన వంతెన, నా ఉద్యోగం మొత్తంలో, అదొక్కటే. మిగతావన్నీ ఎవరో మొదలుపెట్టినవి, లేదంటే నేను మొదలుపెడితే ఎవరో రిబ్బను కత్తిరించినవి. ఒక పునాదిని వరద ఎత్తుకుపోతే మళ్లీ తవ్వించాను. మలేరియా వచ్చి దుప్పట్లో వణుకుతూ కూడా కాంక్రీటు పోయించాను. వానలొస్తే అవతలి గూడేలవాళ్లు సంతకు రాలేరు, ఆసుపత్రికి రాలేరు. తొంభైల్లో ఒక చలికాలం, వచ్చే వానలకు మిమ్మల్ని దీని మీద నడిపిస్తాను అని సంతలో నిలబడి మాటిచ్చింది నేను. ఇప్పుడు వెళ్లి అక్కడ ఎవర్నయినా అడగండి. మేడం వంతెన అంటారు.

ఆవిడ చేసిందల్లా బేరింగులు పరీక్ష చేయడం.

వంతెన కదలదని జనం అనుకుంటారు. కదులుతుంది. ఎండెక్కితే దూలాలు సాగుతాయి, చలి పెడితే ముడుచుకుంటాయి. ఆ సాగడానికి దారివ్వకపోతే కింద స్తంభం తల పగులుతుంది. అందుకని దూలం కొసకూ స్తంభానికీ మధ్య జారే బేరింగు పెడతారు. లోపల ఏముంటుందయ్యా అంటే, ఒక తెల్లటి టెఫ్లాన్ రేకు, దాని మీద అద్దంలా మెరిసే స్టీలు పలక. రేకు మీద పలక జారాలి. ఎంత బలం పెడితే జారుతోంది, ఎంత మొండికేస్తోంది అన్నది కొలిచి, పనికొస్తుందనో రాదనో తేల్చడానికి పై ఆఫీసు ఆవిణ్ణి పంపించింది. ఫ్యాక్టరీవాళ్లు పరీక్ష చేసిచ్చిన కాగితం నా దగ్గర ఉండనే ఉంది. అది కింద మైదానంలో, ఉక్కపోతలో చేసిన పరీక్షట. చలికి టెఫ్లాన్ బిగుసుకుంటుందట. అరకు చలిలో, అరకు పొద్దుటిపూట చూస్తేగానీ ఒప్పుకోదట.

ఒప్పుకోని మనిషి ఎలా ఉంటుందని ఊహించుకున్నానో అలా లేదు. పొట్టిగా, లావుగా, వాయిలు చీర మీద మగవాళ్ల స్వెట్టరు, కాళ్లకు గుడ్డ బూట్లు. స్వెట్టరు జేబులో ఎప్పుడూ వేయించిన వేరుశెనగపప్పు. జీపు దిగి వచ్చి నా బల్ల ముందు కూర్చుని, నమస్కారం అయ్యీ అవకముందే నా టీ గ్లాసును చూపుడువేలితో నెట్టడం మొదలుపెట్టింది. ఊరికే తోసెయ్యడం కాదు, వేలు ఆనించి, బలం కొంచెం కొంచెం పెంచుకుంటూ, ఊపిరి బిగబట్టి.

"సూసినారా బాబూ," అంది. "కదిలేముందు ఎంత మొండికేత్తన్నాదో. ఒకసారి కదిలిందా, మరి మాటింటాది."

మాట విన్న టీ నా ఫైలు మీద ఒలికింది. ఆవిడ తన చీర చెంగుతోనే తుడిచేసి, వేరుశెనగపప్పు ఇంత నా చేతిలో పోసింది.

ఈ నెట్టే జబ్బు ఆవిడకు ఎక్కడపడితే అక్కడే. సంతలో పనసకాయను నెట్టేది. భోజనాల బల్ల మీద పెరుగు గిన్నెను నెట్టేది. తనిఖీకి వచ్చిన పెద్ద ఇంజినీరు కళ్లద్దాల డబ్బాను కూడా, ఆయన మాట్లాడుతుండగానే, ఇవతలి నుంచి అవతలికి నెట్టింది. నేను కుర్చీలోంచి సగం లేచాను, ఇవాళ అయిపోయింది ఈవిడ పని అనుకుని. ఆయన మాట ఆపి, ఆసక్తిగా వంగి చూశాడు. తర్వాత అరగంటసేపు ఆవిడతోనే మాట్లాడాడు. నా పునాదుల గురించి నేను తయారుచేసుకున్న ఉపన్యాసం నా జేబులోనే ఉండిపోయింది.

మాట కూడా అంతే. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లె. ఎవరితోనైనా, ఎంతవాడితోనైనా, ఊళ్లో అరుగు మీద కూర్చున్నట్టే మాట్లాడేది. నాదీ బొబ్బిలి దగ్గర పల్లే. కాకపోతే కాలేజీలో నవ్వుతున్నారని ఆ మాటను నేను గీకి గీకి వదిలించుకున్నాను. ఏమిటికి బదులు ఏటి అని నోరు జారితే నాలుక కొరుక్కునేవాణ్ణి. ఎంతో కష్టపడి నేర్చుకున్న ఆ పుస్తకం భాషతో కొండవాళ్ల దగ్గరికి వెళితే వాళ్లు చేతులు కట్టుకుని సరే బాబూ అనేవాళ్లు. మేడం వెళ్లి నెగడి దగ్గర గొంతుక్కూచుని ఏటర్రా అంటే, పక్కకు జరిగి చోటిచ్చేవాళ్లు. వాళ్ల చోడి అంబలి, అదే రాగి జావ, ఆవిడ దొప్పలో పోసుకుని తాగుతుంటే, నా ఆఫీసు కిటికీలోంచి చూస్తూ ఫ్లాస్కులో కాఫీ తాగేవాణ్ణి నేను. అంత చేదు కాఫీ మళ్లీ తాగలేదు. రమ్మని ఎవరైనా పిలిస్తే వెళ్లేవాణ్ణేమో. ఆవిణ్ణి మాత్రం ఎవరు పిలిచారు కనక?

పరీక్ష షెడ్డు ఆవిడే కట్టించుకుంది. ఇనుప చట్రం లోపల రెండు బేరింగులు వీపూ వీపూ ఆనించి, మధ్యన ఒక పలక దూర్చి, పైనుంచి పెద్ద జాకీతో వంతెన బరువంత బరువు పెట్టేవాళ్లు. పక్కనుంచి చిన్న జాకీతో ఆ మధ్య పలకను తోసేవాళ్లు. ఆ జాకీ మీటరులో ముల్లు ఎక్కడిదాకా పోయాక పలక కదిలిందో చూసుకోవడమే. చెప్పుకుంటే ఇంతే. కానీ ఆవిడ తోయనిచ్చేది కాదు. ఎండ ఎంత మెల్లగా ఎక్కుతుందో వంతెన అంత మెల్లగా సాగుతుంది కాబట్టి జాకీ కూడా అలాగే కొట్టాలట. బేగి తోస్తే టెఫ్లానుకు కోపమొస్తుందట, లేనిపోని లెక్క చూపిస్తుందట. నా దగ్గరున్న మగవాళ్లంతా జాకీ పిడి పట్టుకున్నారంటే బోరింగు కొట్టినట్టు కొట్టేవాళ్లే. ఒకరోజు ఆవిడ ఇసుక మోసే గురుబారిని పిలిచి పిడి చేతికిచ్చింది. ఇంట్లో చోళ్లు విసిరే చెయ్యి, తిరగలి అలవాటు. గురుబారి ఒకే వేగంతో, ఎటో చూస్తూ, పిడి నొక్కుతూ పోయింది, ముల్లు గడియారం ముల్లులా నడిచింది. అదే గురుబారి నా దగ్గర పనిచేస్తోంది అప్పటికే చాలాకాలంగా. నేను ఆమె చేత ఇసుకే మోయించాను.

ఇక బొట్టు సంగతి.

బేరింగులు లారీలో వచ్చిన రోజు నేను మీటింగుకు పాడేరు పోయాను. ఆవిడ ఇంకా అరకు చేరలేదు. మా వైపు కొత్త వస్తువు ఏదొచ్చినా, మోటారు గానీ రోడ్డురోలరు గానీ, పసుపు రాసి బొట్టు పెట్టకుండా ముట్టుకోరు. మా సూపర్‌వైజరు కొబ్బరికాయ తెచ్చాడు. అవతలి గూడెం నుంచే వచ్చే పనివాళ్ల పెద్ద బుద్రా గెడ్డ తల్లికి దండం పెట్టాడు. పెట్టెలు తెరిచారు, బిగింపులు వదులు చేశారు, మెరిసే పలకలన్నింటికీ భక్తిగా పసుపు పూసి కుంకం పెట్టారు. మళ్లీ మూసి బిగించేశారు. ఇది ఎవరికీ చెప్పాల్సిన సంగతిగా ఎవరికీ తోచలేదు.

మొదటి పరీక్ష రోజు తెల్లారేసరికి పొగమంచు షెడ్డులోకే వచ్చేసింది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి. గురుబారి పిడి నొక్కుతోంది. ముల్లు లేచింది, ఇంకా లేచింది, ఆగాల్సినచోటు దాటి పోయింది. పలక కదల్లేదు. ఉన్నట్టుండి కిర్రుమని ఒక్క గెంతు గెంతి మళ్లీ బిగుసుకుంది. మేడం చెయ్యెత్తింది. బరువు దించి, విప్పి చూస్తే, తెల్లటి రేకు మీద పచ్చగా, మధ్యమధ్య ఎర్రగా.

నేను అరిచాను. ఎవడైనా అరుస్తాడు. ఈ చలీ, ఆ ఎండలూ పోతే వానలే, కొత్తవి రావాలంటే ఎన్ని నెలలో, ఇచ్చిన మాట గెడ్డపాలు. నోటికొచ్చినవన్నీ అన్నాను. పనివాళ్లు తలలు దించుకున్నారు. ఆవిడేమో స్టూలు మీద కూలబడి, నవ్వి నవ్వి, కళ్లనీళ్లు తుడుచుకుని, ఈ వైపే ఎందుకు పెట్టార్రా అని బుద్రాను అడిగింది.

"మొకానికే కదమ్మా బొట్టెడతారు," అన్నాడు బుద్రా. "ఈపుకెవులెడతారు?"

ఆవిడ నవ్వడం మానేసింది. న్యాయమైన జవాబు వచ్చినట్టు తలూపి, లేచి, బేరింగు పక్క అంచును వేలితో తట్టింది.

"దీని మొకం ఇది. ఇక్కడెట్టండి, ఏటేటా ఎట్టండి, నేనూ ఎడతాను. లోపలున్నది నోరు. నోట్లో ఎవులైనా బొట్టెడతారేటి?"

అందరూ నవ్వారు, బుద్రా కూడా. నేను అరిచి సాధించలేనిది ఆవిడ నోరూ ముఖమూ అని తేల్చేసింది. ఆ తర్వాత ఆ షెడ్డులో చెప్పులతో అడుగుపెట్టిన మనిషి లేడు, దుమ్ము పడుతుందని వాళ్లలో వాళ్లే కోప్పడేవాళ్లు. అదే దుమ్ము గురించి గోడకు నేను అంటించిన కాగితం ఎండకు వెలిసిపోయింది, చదివినవాడు లేడు.

మెత్తని గుడ్డతో అన్నీ తుడిచారు. రోజూ తెల్లారగట్ల పొగమంచులో మళ్లీ పరీక్షలు. అన్నీ నెగ్గాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాంట్లో కుంకంలోని గరుకు ఏదో పలకను గీసేసింది. చూస్తే కంటికి ఆనదు, గోటితో తడిమితే తెలుస్తుంది. ముల్లు మాత్రం ప్రతిసారీ హద్దు దాటేది. మేడం దాన్ని పక్కన పెట్టేసింది.

నేను వాదించాను. ఇప్పటికీ నా మాట నాదే, ఆ ఒక్కటి పెట్టినా వంతెన నిలిచేది. మిగతావన్నీ బాగున్నాయి కదా, ఈ ఒక్కదాని కోసం వానలు దాటించేస్తారా, అవతలి గూడేలకు మాటిచ్చింది మీరా నేనా అన్నాను. ఆవిడ వేరుశెనగపప్పు నమలడం ఆపింది.

"నిలబడతాది బాబూ, నిలబడకేం," అంది. "ఇది మొండికేసిందల్లా ఆ స్తంభం మోస్తాది. మీరు బదిలీ అయి ఎల్లిపోతారు, నేనూ ఎల్లిపోతాను. అది ఇక్కడే ఉండి, ఏ సలికాసలి మోత్తానే ఉంటాది."

చిత్రం ఏమిటంటే, నేను వాదిస్తున్నది గూడెంవాళ్ల తరఫున. వానలకు ముందు వంతెన కావలసింది వాళ్లకు. వాళ్లేమో బుద్రాతో సహా వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డారు. నన్నొక రకంగా చూశారు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

వానలకు ముందే తెస్తానని చెప్పి ఆవిడ ఆ గీతపడ్డ బేరింగుతో రైలెక్కింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుందో, వాళ్ల మేనేజరు బల్ల మీద ఇంకు సీసా నెట్టిందో నాకు తెలీదు. పలక మార్పించి, రేకు మార్పించి, తన కళ్లముందే మళ్లీ పరీక్ష చేయించి, పాసింజరు రైల్లో గార్డును బతిమాలి పెట్టె ఎక్కించి, బొర్రా సొరంగాల దుమ్మంతా మొహాన పూసుకుని అరకు స్టేషన్లో దిగింది. నేను జీపు కడిగించి తీసుకెళ్లాను. డ్రైవరు పక్క సీటులో ఉతికిన తువ్వాలు కూడా పరిపించాను. ప్లాట్‌ఫారం మీద చూస్తే గూడెం గూడెమంతా అక్కడే ఉంది, చేతిలో కావడిబద్దలు. మేం మోస్తామన్నారు. బిగింపులు వేసిన బేరింగును జీపు కుదుపు ఏం చేస్తుందండీ? ఏమీ చెయ్యదు. అది నాకు తెలుసు, నాకంటే ఎక్కువగా ఆవిడకు తెలుసు. అయినా కాదనలేదు. పెట్టెను బద్దలకు కట్టి భుజానికెత్తుకున్నారు, ముందు బుద్రా, వెనక గురుబారి వాళ్లంతా, మధ్యలో జేబులోంచి పప్పు తింటూ మేడం. నా జీపు వాళ్ల వెనకాల మొదటి గేరులో, హారను కొట్టడానికి మొహం చెల్లక, వంతెన దాకా నడిచింది. తువ్వాలు మీద ఎవరూ కూర్చోలేదు.

ఆ దారిలోనే మా క్వార్టరు. పెట్టె దింపించి తిరిగొస్తూ ఆవిడ లోపలికొచ్చి మొహం కడుక్కుని, భోంచేసి, వంటింట్లో మా ఆవిడతో ఒక పూట కబుర్లు చెప్పింది. ఏం చెప్పిందో గానీ, ఇప్పటికీ మా ఇంట్లో ఉప్పుడబ్బాను వేలితో నెట్టి చూసే అలవాటు ఉండిపోయింది. ఆ సాయంత్రం మా ఆవిడ అంది కదా, ఇంత మంచి మనిషితో పనిచేస్తూ రోజూ ఇంటికొచ్చి సణుగుతారేంటి అని. పెళ్లయిన కొత్తల్లో నా గురించి కూడా ఆమె ఎవరితోనో మంచి మనిషి అన్నట్టు గుర్తు.

వంతెన వానలకు ముందే తెరిచాం. నా మాట నిలిచింది. దండలు పెద్దవాళ్లకు పడ్డాయి, నాకూ ఒకటి పడింది. గూడెంవాళ్లు మాత్రం ఒక పనసపండు మోసుకొచ్చి మేడం కాళ్ల దగ్గర పెట్టారు. ఆవిడ ముందు దాన్ని నెట్టింది, తర్వాత అక్కడే చేతికి నూనె రాసుకుని కోసింది. మొదటి తొన నాకే పెట్టి, "తినండి బాబూ, మీ వంతెన పండు" అంది. తిన్నాను. తేనెలా ఉంది. చప్పగా ఉన్నా బాగుండేది.

ఆ తర్వాత బదిలీలు. ఆవిడ ప్రతి చలికాలం వెళ్లి ఆ బేరింగులు చూసుకుని వస్తోందని వినేవాణ్ణి. నేను వెళ్లలేదు. మేడం వంతెన అని రాసిన బోర్డేదైనా పెట్టి ఉంటారేమోనని భయం.

ఆవిడ పోయిన ఏడాదే, చలికాలంలో, నేను బయల్దేరాను. రైల్లో దారిపొడుగునా ఒకటే ఆలోచన. పోయిన మనిషితో ఇంకా పోటీ ఏమిటి, నా అంతట నేనే వెళ్లి ఇది మేడంగారి వంతెనే అని వాళ్లతో చెప్పేస్తాను. ఆవిడకు అన్నీ ఉన్నాయి. ఈ పెద్దమనసైనా నాకు ఉండనీ. ఆ నిర్ణయం తీసుకున్నాక నామీద నాకే గౌరవం కలిగింది, సొరంగాల్లో కూడా ఆవలించకుండా కూర్చున్నాను.

వలిసె పూలు కొండంతా పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. వంతెన అలాగే ఉంది, బోర్డు లేదు. గెడ్డలోకి దిగి, స్తంభం మెట్ల మీంచి ఎక్కి బేరింగు చూశాను. పక్క అంచు మీద పసుపు, దాని మీద ఇంకా ఆరని బొట్టు. లోపలి పలక అంచు సన్నగా, శుభ్రంగా మెరుస్తోంది. పొద్దెక్కుతోంది. దూలం మీద చెయ్యి ఆనించాను, ఏమీ తెలియలేదు. అంత మెల్లగా సాగుతుంది అది.

వంతెన కొసన టీ బడ్డీ గురుబారిదే. జుట్టు నెరిసింది. చూడగానే బాబుగోరా అంటూ గుర్తుపట్టింది, స్టూలు తుడిచి వేసింది. టీ ఇచ్చాక మేడంగారి మాట వచ్చింది. కబురు వాళ్లకూ అందిందట, ఆ రోజు గూడెంలో పొయ్యి వెలిగించలేదట. ఇదే సమయమని గొంతు సవరించుకున్నాను.

"గురుబారీ, ఈ వంతెన నిజానికి మేడంగారిదే. నేనేదో రాయీ సిమెంటూ వేయించానంతే."

గురుబారి నవ్వింది. "ఆరూ అలాగే అనీవోరు బాబూ. వొచ్చినప్పుడల్లా, ఇది నాది కాదర్రా, ఆ ఇంజినీరు బాబుది, ఆరు లేపోతే ఇక్కడ రాయి మీద రాయి నిలబడదని."

గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. నేను ఇప్పుడు చేసిన పని ఆవిడ ఏటేటా చేస్తూనే ఉందన్నమాట. "మరి మీరేమన్నారు?" అన్నాను.

"ఏటంతాం? ఆరి మనసు పెద్దది, అందుకే అలాగంతన్నారు అనుకున్నాం. ఒక్కలం కూడా నమ్మలేదు."

టీ సగం తాగాను. అడగకూడదని తెలుసు, ఊరుకోలేకపోయాను. "మరి ఇప్పుడు నేనూ అన్నాను కదా?"

గురుబారి నా వైపు జాలిగా కూడా చూడలేదు. మామూలుగా, గిన్నె తోముకుంటూ అంది.

"మీరు ఉన్నమాటే కదా బాబూ సెప్పినారు."